చలి పల్లమెరుగు

కృష్ణా డెల్టాలో ఎత్తు సంగతి వస్తే లెక్క అడుగుల్లోనే. గుడివాడ, కైకలూరు చుట్టుపక్కల కొల్లేటి వివాదమంతా అయిదో కాంటూరా, మూడో కాంటూరా అన్న ప్రశ్న చుట్టూ ఏళ్ల తరబడి నలుగుతోంది. సరస్సు హద్దు సముద్రమట్టానికి 5 అడుగుల దగ్గర ఉండాలా, 3 అడుగుల దగ్గర ఉండాలా అన్నదే తగువు. ఊళ్ల బతుకుతెరువు, చేపల చెరువులు, వలస పక్షుల మేత అన్నీ ఆ రెండడుగుల మధ్యనే ఉన్నాయి. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తినప్పుడు డాబా ఎక్కగలిగినవాళ్లూ, చెట్టు కొమ్మ చేతికందినవాళ్లూ ప్రాణాలతో మిగిలారు. ఈ నేల మీద నిలువెత్తు తేడాయే చావుబతుకులను తేల్చింది.

అలాంటి చోటి నుంచి డిసెంబరు, జనవరి నెలల్లో జనం లంబసింగికి బయల్దేరుతారు. బందరు (మచిలీపట్నం), గుడివాడ, అవనిగడ్డల నుంచి కొందరు తుని దాకా రైల్లో వెళ్తే, ఎక్కువమంది కార్లలో రాత్రికి రాత్రే ప్రయాణం కట్టి, నర్సీపట్నం దాటి, తెల్లారకముందే ఘాట్ రోడ్డు ఎక్కుతారు. లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, కొండల నడుమ సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న ఊరు. చుట్టుపక్కల పల్లెల్లో బగతలు, కొండదొరలు, కోందులు, వాల్మీకులు ఉంటారు. కాఫీ, మిరియం, రాజ్మా, పసుపు వాళ్ల పంటలు. 2012 జనవరిలో ఇక్కడ ఉష్ణోగ్రత సున్నాకు పడిపోయిందని పత్రికల్లో వచ్చాక ఊరి పేరు రాష్ట్రమంతా మోగిపోయింది. అప్పటి నుంచి ‘ఆంధ్రా కశ్మీర్’ అన్న బిరుదు దానికి అతుక్కుపోయింది.

ఇంత చలి ఎందుకు అని ఎవరిని అడిగినా వెంటనే వచ్చే జవాబు ఒకటే: ఎత్తు. బడిలో చదువుకున్నదీ అదే. ఆ జవాబు తప్పు కాదు, కానీ సగం కూడా చెప్పదు. కాగితం మీద లెక్క వేస్తే ఆ సంగతి తేలిపోతుంది.

పైకి పోయేకొద్దీ గాలి సగటున కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. మచిలీపట్నంలో జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. కిలోమీటరు ఎత్తున ఉన్న లంబసింగిలో ఆ లెక్కన 13, 14 డిగ్రీలు ఉండాలి. కానీ చింతపల్లి ప్రాంతంలో ఆ నెలలో ఉష్ణోగ్రత పది లోపుకు దిగడం మామూలే. చలి ముదిరిన రోజుల్లో అయిదారు డిగ్రీలకు, ఒక్కోసారి అంతకన్నా కిందికి జారుతుంది. మరి మధ్యాహ్నం? బందరులో 28, 29 ఉంటే అక్కడ పాతిక ప్రాంతంలో ఉంటుంది. పగటి తేడా ఎత్తు లెక్కకు లోబడే ఉంది. రాత్రి తేడా మాత్రం దానికి రెండింతలు దాటిపోతోంది. ఎత్తు పగలూ రాత్రీ ఒకటే కాబట్టి, చీకటి పడ్డాక పని మొదలుపెట్టే కారణం ఇంకేదో ఉంది.

ఆ అనుమానాన్ని బలపరిచే సాక్ష్యాలు తెలుగు నేల మీదే రెండు ఉన్నాయి. మదనపల్లె దగ్గరి హార్సిలీ హిల్స్ 1,265 మీటర్ల ఎత్తు. లంబసింగి కన్నా ఎత్తయినదే అయినా అక్కడి చలి అంత దూరం పోదు. అది ఇంకా దక్షిణాన ఉందన్న మాట నిజమే, కానీ ఎత్తు ఒక్కటే చాలితే అక్కడా వార్తలు పుట్టాలి. ఇటు ఆదిలాబాద్ చూస్తే సముద్రమట్టానికి సుమారు 260 మీటర్లే. అయినా ఆ వైపు సిర్పూర్, గిన్నెదరి లాంటి చోట్ల కొన్ని శీతాకాలాల్లో ఉష్ణోగ్రత 5 డిగ్రీల దరిదాపుకు దిగింది. ఎత్తున్న చోట చలి తక్కువ, ఎత్తు లేని చోట చలి ఎక్కువ. దీన్ని విప్పాలంటే ముందు బందరు ఎందుకు చల్లబడదో తెలియాలి.

రాత్రిపూట నేల తన వేడిని కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా ఆకాశంలోకి వదిలేస్తూ ఉంటుంది. గాలిలోని నీటి ఆవిరి, మబ్బులు ఆ కిరణాలను పీల్చుకుని కొంత వేడిని తిరిగి కిందికి పంపుతాయి. డెల్టా గాలి ఎప్పుడూ తేమతో బరువెక్కి ఉంటుంది కాబట్టి ఇక్కడి నేల పోగొట్టుకున్న వేడిలో చాలా భాగం వెనక్కి వస్తుంది. పక్కనే సముద్రం ఉంది. జనవరిలో కూడా ఈ తీరాన బంగాళాఖాతం పైనీళ్లు సాధారణంగా 25 డిగ్రీలకు తగ్గవు. ఒక ఘనపు మీటరు నీళ్లు ఒక డిగ్రీ చల్లబడితే వచ్చే వేడి, మూడు వేల ఘనపు మీటర్లకు పైగా గాలిని ఒక డిగ్రీ వేడెక్కించగలదు. హంసలదీవి, నాగాయలంక ఒడ్డున ఉన్నవాళ్లకు అంత పెద్ద వేడి నిల్వ ఇంటి పక్కనే ఉన్నట్టు.

అన్నిటికీ మించి తుషార స్థానం అనేది ఒకటుంది. గాలి చల్లబడుతూ చల్లబడుతూ ఒక ఉష్ణోగ్రతకు వచ్చేసరికి అందులోని ఆవిరి మంచుబిందువులుగా మారడం మొదలవుతుంది. అదే తుషార స్థానం. ఆవిరి నీరుగా మారేటప్పుడు గ్రాముకు దాదాపు 600 కేలరీల వేడి బయటికి వస్తుంది. ఆ వేడి గాలిని ఇక పెద్దగా చల్లబడనివ్వదు. తేమ ఎక్కువగా ఉన్న గాలికి ఈ స్థానం ఎక్కువలోనే ఉంటుంది కనుక బందరు చలి 20 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది.

ఈ మంచు డెల్టా రైతుకు కొత్త కాదు. ఘంటసాల, చల్లపల్లి చేలల్లో వరి ఇంకా నిలబడి ఉండగానే, కోతకు రెండు మూడు రోజుల ముందు, పదునున్న మడిలో మినుములు చల్లుతారు. కోత అయ్యాక వరి దుబ్బుల మధ్య నుంచి మొలకలు పైకి వస్తాయి. నీళ్లు పెట్టకుండానే పంట చేతికొస్తుంది. మినుము మంచుకే పండుతుందని పెద్దల మాట. మంచు ఎంత బాగా కురిసినా రాత్రికి అర మిల్లీమీటరు నీరు కావడం కష్టం. ఆ పంటను అసలు నిలబెట్టేది నల్లరేగడి మట్టి దాచుకున్న తేమే. అయితే పొద్దెక్కేదాకా ఆకు తడిగా ఉండటం వల్ల మొక్క ఆ కాసేపూ వేళ్ల దగ్గరి నీటిని పొదుపు చేసుకుంటుంది. కాబట్టి పెద్దల మాటలో నిజం లేకపోలేదు.

ఇప్పుడు కొండ మీదికి. 1,000 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు పదో వంతు తక్కువ. వాతావరణంలోని నీటి ఆవిరిలో సగం దాకా సముద్రమట్టం నుంచి మొదటి రెండు కిలోమీటర్లలోపే ఉంటుంది. లంబసింగి అందులో ఒక కిలోమీటరును కిందే వదిలేసి పైకి వచ్చేసింది. నైరుతి రుతుపవనాలు వెనుదిరిగాక ఉత్తరాది నుంచి దిగే పొడి గాలి మిగిలిన తేమను కూడా తగ్గిస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల వదిలిన వేడిని ఆపి వెనక్కి పంపేది పెద్దగా ఏమీ ఉండదు. ఆదిలాబాద్ రహస్యం కూడా ఇదే. అది సముద్రానికి దూరం, పొడి గాలికి దగ్గర.

ఇక హార్సిలీ హిల్స్‌కూ లంబసింగికీ ఉన్న తేడా నేల వాలులో ఉంది. గాలి 10 డిగ్రీలు చల్లబడితే ఘనపు మీటరుకు సుమారు 40 గ్రాముల బరువు పెరుగుతుంది. కొండవాలును ఆనుకున్న గాలి రాత్రి చల్లబడి, బరువెక్కి, మనిషి నడకంత నెమ్మదిగా కిందికి జారుతుంది. దివిసీమ రైతుకు దీన్ని వివరించడం తేలిక. మెరక మడిలో పెట్టిన నీరు గట్టు తెగితే పల్లపు మడికి పోతుంది, అక్కడి నుంచి డ్రెయినుకు పోతుంది, డ్రెయిను పూడిపోతే పల్లంలోనే నిలబడిపోతుంది. చలిగాలి నడక అచ్చం అదే. కొండకొమ్ము మీదున్న హార్సిలీ హిల్స్ మెరక. అక్కడ పుట్టిన చలి అక్కడ నిలవదు, వాలు వెంట దిగిపోతుంది. లంబసింగి చుట్టూ కొండలు. నాలుగు వైపుల నుంచి జారిన చలి బయటికి పోయే దారి చాలక అడుగున చేరి, తెల్లవార్లూ మట్టం పెంచుకుంటుంది.

అందుకే అక్కడ ప్రకృతి తలకిందులవుతుంది. తెల్లవారుజామున లోయ అడుగున కన్నా దాని మీదున్న కొండవాలు వెచ్చగా ఉంటుంది. శాస్త్రవేత్తలు దీన్ని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. దాన్ని కళ్లారా చూడాలంటే లంబసింగి దగ్గర్లోని చెరువులవేనం కొండ ఎక్కాలి. సూర్యోదయానికి ముందు పైన ఆకాశం తేటగా ఉంటుంది, కింద లోయంతా తెల్లటి పొగమంచు నిండి ఉంటుంది. ఫొటోలు తీసుకునేవాళ్లు ఒక్క క్షణం ఆ పొగమంచు పైఅంచును గమనించాలి. గీత గీసినట్టు ఒకే మట్టంలో ఉంటుంది. అది ఏ కొండవాలును ఎంత ఎత్తున తాకుతోందో, చలిగాలి దాదాపు అంతవరకు నిండిందన్నమాట. దానికి పైన వెచ్చటి గాలి మూతపడి ఉండటం వల్ల పొగమంచు పైకి లేవలేదు. పొద్దెక్కి నేల వేడెక్కిన తర్వాత ఆ మూత చెదిరిపోతుంది, పొగమంచు ముక్కలు ముక్కలుగా విడిపోయి లేస్తుంది. పాడేరు దగ్గరి వంజంగిలో చూసేదీ ఇదే.

ప్రపంచంలో దీనికి పరాకాష్ఠ అనదగ్గ చోట్లు కొన్ని ఉన్నాయి. ఆస్ట్రియాలో గ్రూన్‌లోఖ్ అనే కొండల మధ్య పల్లం ఎత్తు 1,270 మీటర్లే, హార్సిలీ హిల్స్ అంత. 1932లో అక్కడ మైనస్ 52 డిగ్రీలకు కిందికి కొలిచారు. అమెరికాలోని యూటాలో పీటర్ సింక్స్ అనే పల్లంలో 1985 ఫిబ్రవరి 1న మైనస్ 56 నమోదైంది. నీళ్లయినా బయటికి పోని నేలలవి. చలిగాలికి కూడా అక్కడి నుంచి దారి లేదు.

లంబసింగిలో మంచు గడ్డకట్టిందన్న వార్తలకు, దగ్గర్లోని కేంద్రాల్లో నమోదైన 3, 4 డిగ్రీలకు పొంతన కుదరడం లేదని కొందరు వాదిస్తుంటారు. రెండూ నిజం కావచ్చు. వాతావరణ శాఖ పద్ధతిలో థర్మామీటరును తెల్లరంగు వేసిన స్టీవెన్సన్ పెట్టెలో, నేల నుంచి సుమారు నాలుగడుగుల ఎత్తున పెడతారు. నిర్మలమైన రాత్రి గడ్డిపోచ, కారు టాపు, గడ్డివాము నేరుగా ఆకాశానికి వేడిని పోగొట్టుకుంటాయి కాబట్టి ఆ పెట్టెలోని గాలి కన్నా మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ చల్లబడగలవు. పెట్టెలో 3 ఉండగానే గడ్డి మీద తెల్లటి పలుకులు పేరుకుంటాయి. అది పైనుంచి కురిసిన హిమపాతం కాదు. అక్కడి గాలిలోని ఆవిరి అక్కడే గడ్డకట్టడం.

ఈ పలుకులు చూడటానికి వెళ్లేవాళ్లకు అందం, పంటకు గండం. కాఫీ మొక్క ఆకుల్లోని నీరు గడ్డకడితే కణాలు చితికిపోయి రెండు రోజుల్లో ఆకు నల్లబడుతుంది. 1975 జులై 18న బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రంలో ఒక్క రాత్రి పడిన ఇలాంటి చలికి కాఫీ తోటలు సర్వనాశనమై, ప్రపంచమంతటా కాఫీ ధరలు ఎగబాకాయి. కాఫీని లోయ అడుగున కాకుండా వాలు మీద, నీడచెట్ల కింద వేయాలన్న సూత్రానికి వెనక ఇంత కథ ఉంది. తూర్పు కనుమల్లో సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియం తీగ కనిపిస్తాయి. పైనున్న ఆకులు నేల వదిలే వేడిని కొంత ఆపుతాయి, వాలు మీద చలి నిలవదు.

ఆ కాఫీ పండ్లు ఎరుపెక్కేది నవంబరు నుంచి. చలి ముదిరే కాలమూ అదే. కొమ్మ మీద పండ్లన్నీ ఒకేసారి పండవు. ఎర్రబడ్డవి ఏరి, పచ్చివి వదిలి, మళ్లీ కొన్నాళ్లకు అదే చెట్టు దగ్గరికి రావాలి. మంచుకు తడిసిన కొమ్మల మధ్య చేతులు పెట్టి ఆ పండ్లు కోసేది ఎక్కువగా ఆడవాళ్లే. కోసిన తర్వాత కళ్లంలో ఆరబెడితే, పొగమంచు విడేదాకా ఎండ తగలదు. పర్యాటకుడు ముచ్చటపడే పొగమంచు గిరిజన రైతుకు రోజులో రెండు మూడు గంటల ఎండను మింగేస్తుంది. అక్కడి చలి గురించి రాసేవాళ్లు ఈ మాట రాయకపోవడం అన్యాయం.

ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి మచిలీపట్నంలో, ఘంటసాలలో పరిశోధన స్థానాలున్నాయి, చింతపల్లిలో ప్రాంతీయ పరిశోధన స్థానం ఉంది. బందరు స్థానంలో ఉప్పునేలను తట్టుకునే వరి వంగడాల మీద పని, చింతపల్లిలో ఎత్తయిన గిరిజన ప్రాంతపు పంటల మీద పని. చింతపల్లి చలి అంకెలు పత్రికలకు అందేది ఆ స్థానం నుంచే. డెల్టాలో మినుముకు ఉన్న చోటు కొండ మీద రాజ్మాది. అదీ వాన వెనుదిరిగాక నేలలో మిగిలిన పదును మీద పండే పప్పుజాతి పంటే. సెప్టెంబరు, అక్టోబరుల్లో విత్తితే డిసెంబరు, జనవరికి కోతకు వస్తుంది. ఎండ 30 డిగ్రీలు దాటితే రాజ్మా పూత రాలిపోతుంది, మరీ చలి పడితే మొక్క మాడిపోతుంది. చలి ముదిరేలోగా కాయ గట్టిపడేలా విత్తే రోజును ఎంచుకోవడంలోనే ఆ రైతు నేర్పంతా ఉంది. ఘంటసాల రైతుకు ఈ జాగ్రత్త చెప్పకుండానే అర్థమవుతుంది.

స్ట్రాబెర్రీ కథ ఇంకోటి. ఈ మొక్క పూమొగ్గ కట్టాలంటే రాత్రులు చల్లగా, పగళ్లు పొట్టిగా ఉండాలి. డెల్టాలో ఎంత శ్రద్ధగా పెంచినా ఆ రాత్రులు దొరకవు. లంబసింగిలో దొరుకుతాయి. అందుకే గత కొన్నేళ్లుగా అక్కడ ప్లాస్టిక్ షీటు పరిచిన బోదెల మీద ఈ పంట పెరిగింది. నారు మహారాష్ట్ర నుంచి, స్ట్రాబెర్రీకి దేశంలోనే పేరుపడ్డ మహాబలేశ్వరం వైపు నుంచి వస్తుంది. కృష్ణా నది పుట్టింది ఆ మహాబలేశ్వరంలోనే, సుమారు 1,300 మీటర్ల ఎత్తున. యాపిల్ సంగతి మాత్రం అంత తేలిక కాదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చింతపల్లి ప్రాంతంలో తక్కువ చలితోనే సరిపెట్టుకునే యాపిల్ రకాలను నాటించి పరీక్షించారు. యాపిల్ చెట్టు నిద్రలోంచి లేవాలంటే 7 డిగ్రీల లోపు చలి వందల గంటలు తగలాలి. లంబసింగి రాత్రి కూడబెట్టిన చలిలో కొంత, పాతిక డిగ్రీల మధ్యాహ్నం తుడిచిపెట్టేస్తుంది. పగలూ రాత్రీ చల్లగా ఉండే కశ్మీర్‌కూ, రాత్రి మాత్రమే చల్లబడే ఈ ఊరికీ ఉన్న అసలు తేడా ఇది. బిరుదు ఇచ్చినవాళ్లు దీన్ని చూడలేదు.

ఇక్కడి చలి తాళం చెవి మళ్లీ సముద్రం చేతిలోనే ఉంది. బంగాళాఖాతంలో అల్పపీడనం పడి మబ్బులు కమ్మితే, ఒక్క రాత్రిలో లంబసింగి కనిష్ఠ ఉష్ణోగ్రత చాలా డిగ్రీలు పైకి లేస్తుంది. మచిలీపట్నంలోని డాప్లర్ రాడార్ తెర మీద వానమబ్బులు ఎక్కువైతే కొండ మీద చలి తగ్గబోతోందని అనుకోవచ్చు. సముద్రం ఇంతకన్నా కఠినంగా కూడా కొండను తాకింది. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపాను కొండల మీది గిరిజన ఏజెన్సీ ప్రాంతంలోకి చొచ్చుకెళ్లి సిల్వర్ ఓక్ చెట్లను కూల్చేసింది. నీడచెట్లు పడిపోతే కాఫీ మొక్కకు ఎండా, చలీ రెండూ నేరుగా తగులుతాయి. కూలిన నీడ మళ్లీ ఎదగడానికి ఏళ్లు పడుతుంది. ఉప్పెన తర్వాత దివిసీమ కొబ్బరితోటలు కోలుకోవడానికి పట్టిన కాలాన్ని చూసినవాళ్లకు ఈ బాధ తెలుసు.

పర్యాటకులు ఎక్కే ఘాట్ రోడ్డుకూ ఒక చరిత్ర ఉంది. నర్సీపట్నం నుంచి లంబసింగి, చింతపల్లి వైపు కొండల్లోకి దారి వేయించడానికి గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ మన్యం జనం చేత వెట్టిచాకిరీ చేయించాడు. పోడు మీద ఆంక్షలు పెట్టిన 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అప్పటికే వాళ్ల కడుపు మాడుస్తోంది. అల్లూరి సీతారామరాజు వెంట 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద జనం విరుచుకుపడటానికి ఆ రోడ్డు కూడా ఒక కారణం. ఆ తర్వాత దాదాపు అర్ధ శతాబ్దానికి వచ్చిన 1970 నాటి భూబదలాయింపు నిషేధ చట్టం, అందరూ 1/70 అని పిలిచేది, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని కట్టడి చేసింది. చలి వల్ల వచ్చే ఆదాయం ఆ నేల మీద పుట్టినవాళ్లకు దక్కాలంటే ఆ చట్టం గట్టిగా అమలు కావాలి. పర్యాటకం పేరుతో దాన్ని సడలించడం తగదు.

లంబసింగి వెళ్లే డెల్టా పాఠకులకు రెండు కోరికలు. మొదటిది, చలిమంట కోసం అడవి కట్టె నరికించకండి, ప్లాస్టిక్ కొండ మీద వదలకండి, రాజ్మా, కాఫీ కొనాలనిపిస్తే గిరిజన సహకార సంస్థ దుకాణంలోనో రైతు దగ్గరో కొనండి. రెండోది, పిల్లలను వెంట తీసుకెళ్తే రెండు మామూలు థర్మామీటర్లు కూడా తీసుకెళ్లండి. కారు డాష్‌బోర్డు అంకెను, ఫోన్‌లో కనిపించే అంకెను నమ్మకండి. సూర్యోదయానికి అరగంట ముందు ఒకరు ఊళ్లో, ఒకరు చెరువులవేనం కొండ మీద, నేలకు నాలుగడుగుల ఎత్తున, మంటకూ కారుకూ దూరంగా వాటిని వేలాడదీసి పది నిమిషాలు ఆగి చదవండి. వీలైతే మబ్బు పట్టిన ఇంకో రోజు కూడా అదే పని చేయండి. టైము, రెండు అంకెలు, ఆకాశం ఎలా ఉందో నోటుపుస్తకంలో రాసుకుని, ఆ రోజు చింతపల్లి పరిశోధన స్థానం ప్రకటించిన అంకెతోనూ, బందరు అంకెతోనూ పోల్చి చూడండి.